జూనియర్ కాలేజీ బేస్‌బాల్: చేరే ముందు అడగవలసిన ప్రశ్నలు

జూనియర్ కాలేజీ అనగానే మన తరం వారికి గుర్తుకొచ్చేది ఇంటర్మీడియెట్. ఎంపీసీ, బైపీసీ, తెల్లవారుజామున స్టడీ అవర్లు, ఎంసెట్ ర్యాంకులు... అన్నీ కళ్ళముందు కదులుతాయి. అమెరికాలో మాత్రం ఈ మాటకు అర్థం వేరు. హైస్కూలు పూర్తయ్యాక చేరే రెండేళ్ళ కాలేజీని ఇక్కడ జూనియర్ కాలేజీ అంటారు. కమ్యూనిటీ కాలేజీ అన్నా దాదాపు ఇదే. అక్కడ రెండేళ్ళు చదివి, ఆ క్రెడిట్లతో నాలుగేళ్ళ యూనివర్సిటీలో మూడో సంవత్సరంలో చేరవచ్చు. ఇలాంటి కాలేజీలు చాలావాటికి బేస్‌బాల్ జట్లు కూడా ఉన్నాయి.

తెలుగు బడి సావనీరులో బేస్‌బాల్ గోలేమిటని మీరు అనుకోవచ్చు. కారణం ఉన్నది. మా తరగతుల్లో గుణింతాలు దిద్దిన పిల్లలు కొందరు లిటిల్ లీగ్ యూనిఫారంలోనే బడికి వచ్చేవారు. బూట్లకంటిన ఎర్రమట్టి తరగతి గదంతా పడేది. ఆ పిల్లలు ఇప్పుడు హైస్కూలు జట్లలో ఆడుతున్నారు. వారిలో ఏ ఒకరిద్దరికో జూనియర్ కాలేజీ కోచ్ నుంచి ఫోను వస్తున్నది. ఆ ఫోను రాగానే మన ఇళ్ళలో రెండు రకాల మాటలు వినిపిస్తున్నాయి. ఒకటి: "కమ్యూనిటీ కాలేజీయా? నలుగురిలో ఏమని చెప్పుకుంటాం?" రెండోది: "స్కాలర్‌షిప్ ఇస్తారట! వెంటనే సంతకం పెట్టేద్దాం."

ఈ రెండు మాటలూ తొందరపాటువే అని మా అభిప్రాయం. జూనియర్ కాలేజీ బేస్‌బాల్ సిగ్గుపడవలసిన విషయమూ కాదు, ఎగిరి గంతెయ్యవలసిన విషయమూ కాదు. అది రెండేళ్ళ వంతెన. వంతెన ఎంత అందంగా ఉందని ఎవరూ చూడరు, అవతలి ఒడ్డుకు చేరుస్తుందా లేదా అని చూస్తారు. కాబట్టి మనం చూడవలసిందల్లా రెండేళ్ళ తర్వాత మన పిల్లవాడు ఎక్కడికి వెళ్తాడు, చేతిలో ఏం పట్టుకుని వెళ్తాడు అన్నదే. మిగతా ప్రశ్నలన్నీ దీని పిల్లలే.

ముందు సిగ్గు సంగతి తేల్చుకుందాం. మన దగ్గర పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, ఈసెట్ రాసి, బీటెక్ రెండో సంవత్సరంలో చేరినవాళ్ళు మనందరికీ తెలుసు. మాతో పాటు ఇంజనీరింగ్ చదివినవాళ్ళలో లేబొరేటరీలో యంత్రం ఆగిపోతే ముందుగా చెయ్యి పెట్టింది వాళ్ళే. వాళ్ళను చిన్నచూపు చూడటం ఎంత తెలివితక్కువో, జూనియర్ కాలేజీని చిన్నచూపు చూడటమూ అంతే. జాకీ రాబిన్సన్ పేరు మన పిల్లలు స్కూల్లో చదువుకునే ఉంటారు. 1947లో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టి వర్ణవివక్ష గోడను బద్దలు కొట్టిన ఆయన, ముందు పసడీనా జూనియర్ కాలేజీలో చదివి, ఆడి, ఆ తర్వాతే యూసీఎల్‌ఏకు వెళ్ళాడు. ఆల్బర్ట్ పుహోల్స్ కాన్సస్ సిటీలోని మేపుల్ వుడ్స్ కమ్యూనిటీ కాలేజీ నుంచి వచ్చాడు, 1999 డ్రాఫ్టులో 13వ రౌండులో ఎంపికయ్యాడు. బ్రైస్ హార్పర్ హైస్కూలు ముందే ముగించి, 2010లో కాలేజ్ ఆఫ్ సదరన్ నెవాడాలో ఆడి, అదే ఏడాది డ్రాఫ్టులో మొట్టమొదటి ఆటగాడిగా ఎంపికయ్యాడు.

అయితే ఈ పేర్లు చెప్పి మన పిల్లలకు ఆకాశం చూపించడం మా ఉద్దేశం కాదు. హార్పర్‌లు తరానికొకరు పుడతారు. మయామీ-డేడ్ కమ్యూనిటీ కాలేజీలో ఆడిన మైక్ పియాజా 1988లో 62వ రౌండులో ఎంపికై, 2016లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. వినడానికి కథలా ఉంటుంది. కానీ 2021 నుంచి డ్రాఫ్టులో ఉన్నవి 20 రౌండ్లే. పియాజా నడిచిన ఆ తలుపు ఇప్పుడు లేదు. కాబట్టి జూనియర్ కాలేజీకి వెళ్ళే పిల్లవాడు డ్రాఫ్టును నమ్ముకుని కాదు, డిగ్రీని నమ్ముకుని వెళ్ళాలి.

మరి నేరుగా యూనివర్సిటీ జట్టులోనే చేరవచ్చు కదా అంటారా? దూరపు కొండలు నునుపు. ఎన్‌సీఏఏ డివిజన్ వన్ యూనివర్సిటీల్లో చోటు ఈమధ్య ఇంకా ఇరుకైంది. 2025లో కోర్టు ఆమోదించిన హౌస్ ఒప్పందం ప్రకారం, అందులో చేరిన యూనివర్సిటీల బేస్‌బాల్ జట్లలో 34 మందికి మించి ఉండరాదు. పైగా ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక కోచ్‌లు పద్దెనిమిదేళ్ళ కుర్రవాడికన్నా, ఇప్పటికే కాలేజీలో ఆడి రాటుదేలిన ఇరవై, ఇరవై ఒక్క ఏళ్ళవాడి వైపు మొగ్గుతున్నారు. పెద్ద యూనివర్సిటీలో చేరి రెండేళ్ళు బెంచీ మీద కూర్చోవడంకన్నా, జూనియర్ కాలేజీలో రెండేళ్ళు మైదానంలో ఉండటం కొందరు పిల్లలకు మంచిదే. ఆ "కొందరు"లో మన పిల్లవాడున్నాడా అన్నది తేల్చుకోవడానికే ఈ ప్రశ్నలు.

ప్రశ్నలకు ముందు వ్యవస్థ గురించి రెండు ముక్కలు. ఈ కాలేజీలలో అధికభాగం ఎన్‌జేసీఏఏ అనే జాతీయ సంఘంలో ఉన్నాయి. అందులో మూడు డివిజన్లు. డివిజన్ వన్ కాలేజీలు ట్యూషన్, ఫీజులు, పుస్తకాలతో పాటు ఉండటానికీ తినటానికీ కూడా స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చు. డివిజన్ టూలో ట్యూషన్, ఫీజులు, పుస్తకాల వరకే. డివిజన్ త్రీలో ఆటకోసం స్కాలర్‌షిప్ ఉండదు. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలది వేరే సంఘం. అక్కడ కూడా ఆట స్కాలర్‌షిప్ లేదు, కానీ ఫీజులు తక్కువ. "ఇవ్వవచ్చు" అన్నంత మాత్రాన ఇస్తారని కాదు. కొందరికి పూర్తిగా, కొందరికి పుస్తకాల ఖర్చు మాత్రమే, కొందరికి ఏమీ ఉండదు. కోచ్ ఫోనులో స్కాలర్‌షిప్ అన్నప్పుడు, ఏ ఖర్చు, ఎంత, ఎన్నాళ్ళు అని అడిగి కాగితం మీద చూడాలి. ఎన్‌జేసీఏఏ లెటర్ ఆఫ్ ఇంటెంట్ మీద సంతకం పెడితే, ఆ కాలేజీ వదిలితే తప్ప అదే సంఘంలోని మరో కాలేజీకి ఆడే వీలుండదు. అందుకే సంతకానికి ముందే మాట్లాడుకోవాలి. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా!

మొదటి ప్రశ్న: పోయిన ఏడాది సోఫమోర్లు ఎక్కడికి వెళ్ళారు? జట్టు ఎన్ని ఆటలు గెలిచిందో కాలేజీవారే గొప్పగా చెప్తారు. కొలరాడోలోని గ్రాండ్ జంక్షన్‌లో జరిగే జూనియర్ కాలేజీ వరల్డ్ సిరీస్‌కు వెళ్ళి ఉంటే ఆ ఫోటో గోడమీద ఉంటుంది. అది సంతోషమే. కానీ మనకు కావలసింది పేర్ల జాబితా. రెండేళ్ళు పూర్తి చేసినవారిలో ఎవరు ఏ యూనివర్సిటీకి వెళ్ళారు? అక్కడ జట్టులో ఆడుతున్నారా? ఏ సబ్జెక్టు చదువుతున్నారు? అందరికన్నా బాగా ఆడినవాడి సంగతి ఒక్కటే చెప్తే చాలదు, ఇరవయ్యో పేరుగల కుర్రవాడి సంగతి అడగాలి. మన పిల్లవాడు మొదటివాడు కాకపోతే వాడి దారి ఆ ఇరవయ్యోవాడి దారే.

రెండో ప్రశ్న: ఫాల్‌లో ఎంతమంది వస్తారు, స్ప్రింగ్‌లో ఎంతమంది మిగులుతారు? ఇది అందరూ అడగరు. కొన్ని కాలేజీలు ఆగస్టులో నలభై, యాభై మందిని, ఒక్కోచోట అంతకంటే ఎక్కువమందిని చేర్చుకుంటాయి. మైదానంలో ఉండేది మాత్రం తొమ్మిదిమందే! మేము సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్ళం కనుక ఒక ఉపాయం చెప్తాం. కాలేజీ వెబ్‌సైట్‌లో పోయిన ఏడాది రోస్టరు, ఈ ఏడాది రోస్టరు రెండూ తీసి ఎక్సెల్‌లో పక్కపక్కన పెట్టండి. పోయినేడు ఫ్రెష్‌మన్ అని ఉన్న పేర్లు ఈ ఏడు సోఫమోర్ అని ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఉదాహరణకు ఇరవైమందిలో ఆరుగురే మిగిలారనుకోండి. దాంతో వెంటనే చెడ్డ కాలేజీ అని తీర్పు చెప్పనక్కరలేదు, ఒక ఏడాదికే యూనివర్సిటీకి వెళ్ళిపోయినవారూ ఉంటారు. కానీ ఆ పద్నాలుగుమంది ఏమయ్యారని కోచ్‌ను అడగండి. ఒక్కొక్కరి పేరు చెప్పి జవాబిచ్చే కోచ్ ఒక రకం, మాట దాటేసే కోచ్ మరొక రకం. తేడా ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆ రోస్టరులోనే ఇంకో విషయం కూడా చూడండి. పెద్ద యూనివర్సిటీల నుంచి వెనక్కి వచ్చిన ఆటగాళ్ళు ఎంతమంది ఉన్నారు? మనవాడు ఆడే స్థానంలో ఇప్పటికే ముగ్గురుంటే నాలుగోవాడికి బ్యాటు దొరికేదెప్పుడు?

మూడో ప్రశ్న: క్రెడిట్లు లెక్కలోకి వస్తాయా? మా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, మనవాళ్ళు బాగా అడగగలిగినదీ ఇదే. లెక్క చూడండి. జూనియర్ కాలేజీలో ఆడటానికి సెమిస్టరుకు 12 క్రెడిట్లు చదివితే సరిపోతుంది. నాలుగు సెమిస్టర్లకు 48. డివిజన్ వన్ యూనివర్సిటీలో మూడో సంవత్సరం మొదలయ్యేసరికి, అక్కడ ఎంచుకున్న డిగ్రీలో 40 శాతం పూర్తయి ఉండాలి. 120 క్రెడిట్ల డిగ్రీకి 40 శాతం అంటే సరిగ్గా 48! అంటే ఆ నలభై ఎనిమిదిలో ఒక్కటి కూడా వృథా కాకూడదు. కానీ చాలా కాలేజీల్లో బేస్‌బాల్ ప్రాక్టీసుకే క్రెడిట్ ఇస్తారు. వ్యాయామ క్లాసులుంటాయి, హైస్కూలు లెక్కలు మళ్ళీ చెప్పే క్లాసులుంటాయి. అవి ట్రాన్స్‌క్రిప్టులో కనిపిస్తాయి గానీ, కంప్యూటర్ సైన్సు డిగ్రీకి పనికిరావు. ఇంజనీరింగ్ డిగ్రీలు చాలావరకు 120 దాటతాయి కూడా. అందుచేత సెమిస్టరుకు 15 క్రెడిట్లు పెట్టుకోవడమే క్షేమం. బదిలీ అయ్యేవారికి గ్రేడు సగటు 2.5 ఉండాలన్న నిబంధన కూడా ఉన్నది. మన ఇళ్ళలో 2.5 అంటే నవ్వుతారు. కానీ ఫిబ్రవరి నుంచి మే దాకా వారానికి నాలుగైదు ఆటలు ఆడుతూ, బస్సులో ఐదారు గంటలు ప్రయాణం చేస్తూ క్యాల్క్యులస్ చదివేవాడికి అది నవ్వులాట కాదు.

కాబట్టి కాలేజీకి వెళ్ళినప్పుడు కోచ్‌ను ఒక్కడినే కలిసి రావద్దు. కౌన్సిలర్‌ను కూడా కలవండి. క్యాల్క్యులస్, ఫిజిక్సు ల్యాబ్ ఏ వేళల్లో ఉంటాయి? ప్రాక్టీసు మధ్యాహ్నం ఒంటిగంటకు, ల్యాబ్ కూడా ఒంటిగంటకే అయితే ఏది వదులుకోవాలి? "మా పిల్లలందరూ జనరల్ స్టడీస్ తీసుకుంటారు" అన్న జవాబు వస్తే ఆలోచించుకోండి. టెక్సాస్‌లో ప్రభుత్వ కాలేజీలన్నిటికీ 42 క్రెడిట్ల కోర్ ఉన్నది, దాన్ని పూర్తి చేస్తే మరో ప్రభుత్వ యూనివర్సిటీ ఒప్పుకుంటుంది. కాలిఫోర్నియాలో అసిస్ట్ అనే వెబ్‌సైట్‌లో ఏ కాలేజీ క్లాసు ఏ యూనివర్సిటీలో దేనికి సమానమో చూడవచ్చు. యూసీ క్యాంపస్‌లలో డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ ఆరింటికి షరతులతో బదిలీ ప్రవేశానికి హామీ కూడా ఉన్నది. బర్కిలీకి, యూసీఎల్‌ఏకు ఆ హామీ లేదు. మేజర్‌ను బట్టి షరతులు మారతాయి గనుక ముందే చూసుకోవాలి.

నాలుగో ప్రశ్న: పిల్లవాడి చెయ్యి ఎవరి చేతిలో ఉన్నది? ఫాస్ట్ బౌలర్‌కు వెన్ను ఎలాంటిదో, బేస్‌బాల్ పిచర్‌కు మోచెయ్యి అలాంటిది. మోచేతి స్నాయువు తెగితే చేసే ఆపరేషన్‌ను టామీ జాన్ సర్జరీ అంటారు. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఆ పేరుగల పిచర్‌కు మొదటిసారి చేశాడు. ఇప్పటికీ పిచర్ కోలుకుని మళ్ళీ ఆడటానికి ఏడాది, అంతకుమించి పడుతుంది. రెండేళ్ళ కాలేజీలో ఏడాది పోతే మిగిలేదెంత? మేజర్ లీగ్, యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి 2014లో విడుదల చేసిన పిచ్ స్మార్ట్ సూచనల ప్రకారం 17, 18 ఏళ్ళవారు ఒక ఆటలో 105 బంతులు మించి వేయకూడదు, 81 దాటితే కనీసం 4 రోజులు విశ్రాంతి ఇవ్వాలి. బంతులు ఎవరు లెక్కపెడతారు? ఆ లెక్క పిల్లవాడికి చూపిస్తారా? అర్హత ఉన్న అథ్లెటిక్ ట్రైనర్ ప్రాక్టీసుకు వస్తారా, ఆటలకే వస్తారా? దెబ్బ తగిలితే కాలేజీ ఇన్సూరెన్సు ముందు వస్తుందా, మన ఇన్సూరెన్సు ముందు వస్తుందా? మొహమాటపడకుండా అడగండి. నొప్పి ఉన్నదని చెప్తే చోటు పోతుందేమో అని పిల్లలు భయపడే జట్టు మాత్రం మనకు వద్దు.

ఐదో ప్రశ్న: రోజు ఎలా గడుస్తుంది? పేరున్న జట్లు కొన్ని చిన్న ఊళ్ళలో ఉన్నాయి. అక్కడ హాస్టలు ఉన్నదా, లేక నలుగురు కుర్రాళ్ళు కలిసి అపార్ట్‌మెంటు తీసుకోవాలా? శాకాహారి పిల్లవాడికి క్యాంటీన్‌లో పీజ్జా, ఫ్రెంచ్ ఫ్రైస్ తప్ప ఏమైనా దొరుకుతుందా? నవ్వకండి, రోజుకు నాలుగు గంటలు ఒళ్ళు వంచే కుర్రవాడికి తిండే బలం. బయలుదేరే ముందు పప్పు, అన్నం వండుకోవడం నేర్పి పంపండి. కాలేజీకి వెళ్ళిన రోజు కోచ్ లేనప్పుడు ఇద్దరు ముగ్గురు సోఫమోర్లతో మన పిల్లవాడిని ఒంటరిగా మాట్లాడనివ్వండి. మనం పక్కన నిలబడితే వాళ్ళు నిజం చెప్పరు.

ఆరో ప్రశ్న మన కుటుంబాలకే ప్రత్యేకం. గ్రీన్ కార్డు ఇంకా రాని ఇళ్ళు మనలో తక్కువేమీ లేవు. హెచ్-4 మీదున్న పిల్లలకు ఫెడరల్ ఆర్థిక సహాయం రాదు. 21 ఏళ్ళు నిండితే ఆ హోదాయే పోతుంది. పద్దెనిమిదేళ్ళకు జూనియర్ కాలేజీలో చేరినవాడు, సరిగ్గా యూనివర్సిటీకి మారే సమయానికి ఆ గడువు దగ్గరకు వస్తాడు. అప్పుడు ఎఫ్-1కు మారవలసి వస్తే నెలలు పట్టవచ్చు, ఫీజు లెక్క కూడా మారిపోవచ్చు. కాబట్టి కాలేజీ ఐ-20 ఇవ్వగలదా అన్నది, మీ లాయరు ఏమంటారన్నది సంతకానికి ముందే తెలుసుకోండి. ఎన్నో ఏళ్ళు గ్రీన్ కార్డు వరసలో నిలబడ్డ మనకు తారీఖుల విలువ ఒకరు చెప్పాలా?

ఇంత రాశాక, కొందరు మిత్రులు అనే మాట కూడా చెప్పాలి. "ఇదంతా ఎందుకండీ? మంచి స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్సు సీటు వస్తే అక్కడే చదివించక, బంతాట కోసం రెండేళ్ళు పాడుచేస్తారా?" ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కోరుకున్న సీటు వచ్చి, ఆట మీద మమకారం తగ్గిన పిల్లవాడు సీటే తీసుకోవాలి. సరదాగా ఆడుకోవడానికి యూనివర్సిటీల్లో క్లబ్ జట్లున్నాయి. తండ్రి తీరని కోరికకోసం కొడుకు జూనియర్ కాలేజీకి వెళ్ళడంకన్నా అన్యాయం లేదు. కానీ ఇంకా ఆడాలని పిల్లవాడే తపిస్తున్నప్పుడు, పదేళ్ళు చెమటోడ్చిన ఆటను పద్దెనిమిదో ఏట, నలుగురేమనుకుంటారో అన్న ఒక్క భయంతో మాన్పించడం కూడా అన్యాయమే. ఆ నలుగురూ ట్యూషన్ కట్టరు, రాత్రి వాడు గదిలో తలుపేసుకుని కూర్చుంటే పలకరించడానికీ రారు. క్రెడిట్లు సరిగ్గా చూసుకుంటే రెండేళ్ళు పాడవడమన్న మాటే లేదు. ఆట ఆగిపోయినా 60 క్రెడిట్లు చేతిలో ఉంటాయి, ఫీజుల్లో మిగిలిన డబ్బు బ్యాంకులో ఉంటుంది.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. జూనియర్ కాలేజీల్లో సాఫ్ట్‌బాల్ జట్లు కూడా ఉన్నాయి. పైన చెప్పిన ప్రశ్నలన్నీ వారికీ వర్తిస్తాయి. "అమ్మాయికి ఆటలెందుకు" అన్నదాన్ని మాత్రం మేము ప్రశ్నగా లెక్కపెట్టలేదు.

ఇక పిల్లలూ, ఈ వ్యాసం మీరు కూడబలుక్కునైనా చదువుతారని మా ఆశ. కోచ్‌తో మాట్లాడవలసింది మీరు, అమ్మానాన్నలు కాదు. ఈ ఆరు ప్రశ్నలూ మీ మాటల్లో ఒక కాగితం మీద రాసుకుని మీరే అడగండి. ప్రశ్న అడిగే కుర్రవాడంటే మంచి కోచ్‌కు గౌరవమే. కోపం తెచ్చుకునే కోచ్ అయితే ఆ సంగతి మీకు చేరకముందే తెలిసిపోతుంది, అదీ లాభమే. ఊళ్ళో తాతయ్యకు ఫోను చేసినప్పుడు "నేను జూనియర్ కాలేజీకి వెళ్తున్నాను" అంటే, ఆయన "మళ్ళీ ఇంటర్ చదువుతావా నాయనా?" అని కంగారుపడతారు. అప్పుడు తెలుగులో, ఓపికగా, ఇది రెండేళ్ళ వంతెన అని, అవతలి ఒడ్డున డిగ్రీ ఉన్నదని చెప్పండి. అంత తెలుగు మీకు వచ్చునని మాకు తెలుసు.

వచ్చే వేసవిలోగా కోచ్ నుంచి ఫోను వచ్చిన కుటుంబాలు మా బడికి రండి. రెండు రోస్టర్లు, ఒక క్యాటలాగు పట్టుకుని వస్తే చాలు. తరగతి అయ్యాక, టీ తాగుతూ, ఆ లెక్క కలిసి వేసుకుందాం.